నో డ్యూస్ కాగితం: నా అనుభవం

నిన్న సాయంత్రం థీసిస్ సమర్పించాను. కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేయాలనుకునే మా దక్షిణ ఒడిశా పర్లాకిమిడి, గుణుపురం వైపు పిల్లలు కష్టమంతా పరిశోధనలోనే ఉంటుందనుకుంటారు. పరిశోధన ఎలాగో గడిచిపోతుంది. 12 క్రెడిట్ల కోర్సువర్కు కూర్చుని చదివితే అయిపోతుంది. కాపీ తనిఖీలో పోలికలు 10 శాతం దాటకూడదని యూజీసీ 2018లో నిబంధన పెట్టింది. సొంత వాక్యాలు రాసుకున్నవాళ్లకు దానితో పేచీ లేదు. సమర్పణకు ముందు పెట్టే సెమినార్‌లో ప్రశ్నల కంటే సమోసాలే ఎక్కువ. నన్ను ఏడిపించింది నో డ్యూస్ కాగితం, అంటే ఎక్కడా బాకీ లేమని ప్రతి విభాగం సంతకం పెట్టి ఇచ్చేది.

లైబ్రరీ, హాస్టల్, అకౌంట్స్ సంతకాలు సులువుగానే వచ్చాయి. మిగిలింది మా విభాగం స్టోరు.

నేను పనిచేసింది చాల్కోన్లు అనే సమ్మేళనాల మీద. అసిటోఫినోన్, బెంజాల్డిహైడ్‌లను సోడియం హైడ్రాక్సైడ్ వేసిన ఆల్కహాల్‌లో కలియబెడితే లేత పసుపు స్ఫటికాలుగా దిగేది వీటిలో అతి సాదా రకం. అది 310 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఒకసారి, 230 చుట్టుపక్కల ఇంకోసారి కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది. మామూలు గాజు 340 కిందికి వెళ్లేకొద్దీ కాంతిని తనే మింగేస్తుంది కనుక ఈ శోషణను కొలిచే యూవీ (అతినీలలోహిత) పరికరంలో ద్రావణాన్ని క్వార్ట్జ్ సెల్ అనే చిన్న పారదర్శక పాత్రలోనే పోయాలి. చేరిన కొత్తలో స్టోరు నుంచి ఒక జత తీసుకుని రిజిస్టరులో సంతకం పెట్టాను. ఆ జతనే పట్టుకెళ్లి బల్ల మీద పెట్టాను.

స్టోర్ కీపర్ ఈమధ్యే వేరే సెక్షన్ నుంచి బదిలీ మీద వచ్చారు. సెల్‌ను వెలుతురుకు పట్టి చూశారు, బీరువాలోంచి గాజు సెల్ ఒకటి తీసి పక్కన పెట్టారు. "రెండూ ఒకటే. ఇవి గాజువి. క్వార్ట్జ్‌వి ఏవి?" అన్నారు. క్వార్ట్జ్ సెల్ పై అంచున ‘క్యూ’ అనే అక్షరం ఉంటుంది. ఏళ్ల తరబడి కడిగి కడిగి మా వాటి మీద అది అరిగిపోయింది. కొత్త జత కొనివ్వాలి, లేదా డబ్బు కట్టాలి. జత ఖరీదు వేలల్లో ఉంటుంది.

డబ్బు సంగతి అలా ఉంచండి. అప్పుడే ప్రాక్టికల్స్ ముగించుకుని ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం పిల్లలు బ్యూరెట్లు అప్పగించడానికి నా వెనకే వరసలో నిలబడ్డారు. వాళ్లకు సాల్ట్ అనాలిసిస్ నేర్పింది నేను. పీహెచ్‌డీ విద్యార్థులకు వారానికి నాలుగు నుంచి ఆరు గంటలు ఇలాంటి పని అప్పగించవచ్చని యూజీసీ 2022 నిబంధనల్లోనే ఉంది. నాకు అప్పగించిన గంటలకు లెక్కే లేదు. గొప్ప కాదు గానీ, నా బ్యాచ్‌లో నైట్రేటు పరీక్షలో వచ్చే బ్రౌన్ రింగ్‌ను చెదరగొట్టినవాళ్లు లేరు. సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని పరీక్షనాళిక గోడ వెంట చుక్కచుక్కగా ఎలా జార్చాలో చేయి పట్టుకుని చూపించాను. ఆ పిల్లల ముందే ఆయన పక్కనున్న అటెండరుతో ఒడియాలో అన్నారు: "ఈ ఆంధ్రావాళ్లతో ఇంతే, పోయేముందు ఏదో ఒకటి మార్చేసి పోతారు."

ఒడియా నాకు రాదనుకున్నారు కాబోలు. నేను బడిలో చదువుకున్న భాష అది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. మా తాతలు ఇల్లు కదలలేదు, సరిహద్దే వాళ్లను దాటుకుంటూ వెళ్లింది. ఆంధ్రాలోని పాతపట్నం పక్కనే ఉన్నంత మాత్రాన మేము వలస వచ్చినవాళ్లం ఎలా అవుతాం? ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు అనుమానితులైతే దక్షిణ ఒడిశాలో సగం వీధులకు తాళాలు వేయాల్సిందే.

గైడ్ గారి దగ్గరికి వెళ్తే, "పోనీలేమ్మా, కట్టేసి బయటపడు" అన్నారు. ఆయన సలహా నాకు అక్కరలేకపోయింది. కడితే దొంగతనం ఒప్పుకున్నట్టే. నేరుగా హెడ్ గారిని అడిగి యూవీ పరికరం తాళం తెచ్చుకున్నాను. స్టోర్ కీపర్‌ను కూడా రమ్మన్నాను. పరికరంలోని డ్యుటీరియం దీపం నిలకడకు వచ్చేదాకా ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కూర్చున్నాం.

ముందు ఆయన తెచ్చిన గాజు సెల్‌లో స్వేదనజలం పోసి 400 నుంచి కిందికి స్కాన్ పెట్టాను. 340 దాటాక, గాజు కాంతిని మింగుతున్నట్టు గీత పైకి లేవడం మొదలుపెట్టింది, 300 చేరేలోపే గోడెక్కిన పిల్లిలా పైన కూర్చుంది. తర్వాత నాది పెట్టాను. 220 దాకా గీత కదలలేదు. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసి, "రెండోది?" అన్నారు. రెండోదీ అంతే.

క్షమించమన్న మాట రాలేదు సరికదా, "గాజు" అని చీటీ అంటించిన పెట్టె తెచ్చి అందులోవి కూడా చూడమన్నారు. జీతం లేని పని. అయినా చూశాను. వాటిలో ఒక జత క్వార్ట్జ్! ఆ జత పోయిందని అంతకుముందు ఎవరి చేతనైనా డబ్బు కట్టించారేమో పాత రిజిస్టరు తిరగేస్తే తెలుస్తుంది. ఆయన తిరగేయలేదు.

మీరు స్టోరులో ఏది తీసుకున్నా దాని మీది గుర్తు, కంపెనీ నంబరు రిజిస్టరులో మీ చేత్తోనే రాయండి, ఆ పేజీ ఫోనులో ఫోటో తీసి ఉంచుకోండి. గుర్తు అరిగిపోతే ఆ రోజే చెప్పి రాయించండి. నెలాఖరులో మాత్రం స్టోరుకు వెళ్లవద్దు. గైడ్‌లు మన పక్షాన మాట్లాడతారని ఆశ పెట్టుకోవద్దు.

సంతకం పెట్టేముందు ఆయన గ్రాఫు ప్రింటు అడిగారు. ఫైలులో పెట్టడానికి ఒకటి, ఆడిట్‌కు ఇంకొకటి. రెండింటి మీదా విభాగం ముద్ర వేయించుకొచ్చి ఇచ్చాను. సంతకం పెట్టారు.