చీటీ రాసిందెవరు?

పంచాంగంలో ఏరువాక పున్నమి ఎప్పుడున్నా, మా అనంతపురం వైపు వాన పడిన రోజే ఏరువాక. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు కురిసే నేల, అదీ ఎప్పుడు కురుస్తుందో తెలీదు. ఒక ఏడు నాయన చెనిక్కాయ (వేరుశనగ) వేయాలో కంది వేయాలో తేల్చుకోలేక, కదిరి నరసింహస్వామి పటం ముందు రెండు చీటీలు వేసి నన్ను ఒకటి తీయమన్నాడు. మా జేజి (నాయనమ్మ) వాకిట్లోంచే అనింది: "తీసేది దేవుడే అనుకో. రాసిందెవుర్రా?"

గీత పద్దెనిమిదో అధ్యాయం తెరిస్తే ఆ మాటే గుర్తొస్తుంది.

అంతా ముందే రాసిపెట్టి ఉంటే నా స్వేచ్ఛ ఎక్కడ? ఈ చిక్కుకు కొందరు తత్వవేత్తలు పట్టుకున్న దారి అనియతివాదం. జరగబోయేది పూర్తిగా ఖాయం కాలేదు, నడుమ సందుంది అంటారు. పాతకాలపు గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్ అనుచరులు అణువులు ఉన్నట్టుండి కాస్త పక్కకు ఒరుగుతాయన్నారు. 1927లో, సూక్ష్మకణం ఎక్కడుందో, ఎంత వేగంగా పోతోందో రెండూ ఒకేసారి కచ్చితంగా తేలవనే హైసెన్‌బర్గ్ అనిశ్చితి సూత్రం వచ్చాక ఆ ఆశ మళ్లీ చిగురించింది. నాకైతే అది చీటీల ఆశే. ఏది వస్తుందో ఎవరికీ తెలియనంత మాత్రాన, వచ్చింది నా నిర్ణయమైపోతుందా? ఊరికే చెయ్యి లేస్తే వణుకంటాం, దానం అనం.

"అధిష్ఠానం తథా కర్తా కరణం చ పృథగ్విధమ్
వివిధాశ్చ పృథక్ చేష్టా దైవం చైవాత్ర పంచమమ్" (18-14)

ఏ పనికైనా ఐదు కారణాలట: శరీరం, కర్త, ఇంద్రియాలు, రకరకాల చేష్టలు, ఐదోది దైవం. శంకరులు ఇక్కడ దైవమంటే కంటికి ఆదిత్యుడిలా ఇంద్రియాల అధిదేవతలన్నారు, రామానుజులు అంతర్యామి అన్నారు. కాకతాళీయమని ఇద్దరూ అనలేదు. రెండు శ్లోకాల తర్వాత, తానే 'కేవలం' కర్తననుకునేవాడికి చూపు లేదంటాడు కృష్ణస్వామి. ఆ 'కేవలం' దగ్గర నేను చాలాసార్లు ఆగాను. కర్తవు కావని అనలేదు, నువ్వొక్కడివే కాదన్నాడు.

ఇంకా వింత, యంత్రమెక్కించినట్టు ఈశ్వరుడు అందరినీ తిప్పుతున్నాడని 61లో చెప్పి, 63లో "విమృశ్యైతదశేషేణ యథేచ్ఛసి తథా కురు" అంటాడు. ఇష్టం వచ్చినట్టు చేయమనే ముందు 'విమృశ్య' ఉంది, అంతా విచారించి అని. స్వేచ్ఛ ఉండే చోటు అదేనని నా నమ్మకం. సందులో కాదు.

ఆరోజు వచ్చింది కంది చీటీ. నాయన దాన్ని పటం దగ్గరే పెట్టి, చేలోకి పోయి, మన్ను పిడికిట పట్టి పదును చూసి, చానాసేపు గట్టు మీద కూర్చున్నాడు. మర్నాడు గొర్రు కట్టి చెనిక్కాయ వేశాడు, నడుమ నడుమ కంది సాళ్లు. అట్లా వేయమని ఏ చీటీలోనూ లేదు.