ఒడియా అక్షరాల్లో పోతన పద్యం రాసుకుంటే

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు చాలా తెలుగిళ్లలో పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు. తెలుగు నోటికి వచ్చు, కంటికి రాదు. అలాంటి పిల్లలకు పోతన భాగవతం నేర్పాలంటే పద్యాన్ని ఒడియా లిపిలో రాసివ్వడమే సులువైన దారి. కాకపోతే ఆ రాతలో పద్యం కొన్ని చోట్ల కుంటుతుంది.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఎ, ఒ ల దగ్గర. ఒడియాలో ఏత్వం ఒకటే, ఓత్వం ఒకటే. హ్రస్వానికీ దీర్ఘానికీ వేరు గుర్తులు లేవు. తెలుగు పద్యమేమో ఆ తేడా మీదే నడుస్తుంది. ఏడో స్కంధంలో ప్రహ్లాదుడి "ఇందు గలఁ డందు లేఁ డని" పద్యం చూడండి. అది కందం, గణానికి నాలుగు మాత్రలు (లఘువుకు ఒకటి, గురువుకు రెండు). మూడో పాదం "డెందెందు వెదకి చూచిన"ను విడదీస్తే డెందెం, దువెదకి, చూచిన అని మూడు గణాలు. "వె"ను "వే" అని చదివితే నడిమి గణానికి ఐదు మాత్రలొచ్చి పాదం తూలుతుంది. వెతకడం ఇంట్లో వినే మాటే కాబట్టి ఇక్కడ పిల్లల చెవే దిద్దుకోవచ్చు. ఎన్నడూ వినని మాటల్లో ఆ ఆసరా ఉండదు.

భాగవతం మొదటి పద్యం శార్దూలం, పాదానికి 19 అక్షరాలు. "శ్రీకైవల్యపదంబుఁ జేరుటకునై చింతించెదన్ లోకర" అన్న పాదంలో 8వ అక్షరం "జే" గురువు కావాలి, 15వ అక్షరం "చె" లఘువు కావాలి. ఒడియాలో రాస్తే రెండింటికీ అదే ఏత్వం. అందుకని హ్రస్వమైన ప్రతి ఎ, ఒ కింద ఎర్ర పెన్సిల్‌తో చుక్క పెట్టండి. దీర్ఘాలకు పెట్టనక్కర్లేదు. రెండింటికీ గుర్తులు పెడితే పేజీ నిండా ఎరుపే కనిపిస్తుంది, ఏది దేనికో తెలియదు. ఇ-ఈ, ఉ-ఊ లకు ఒడియా లిపిలో వేరువేరు గుర్తులున్నా పలుకులో తేడా చూపరు. కాబట్టి దీర్ఘం కనిపిస్తే సాగదీయాలని నోటితోనే చెప్పాలి.

అదే పాదంలో "చెదన్" చివర పొల్లు ఉంది. ఒడియా మాటల చివరి అచ్చును మింగదు. హలంత గుర్తు పెట్టకపోతే పిల్లలు "చెదనొ" అని చదువుతారు, 19 కాస్తా 20 అవుతుంది. రాయడం అయ్యాక పాదం పాదం వేళ్ల మీద లెక్కపెడితే ఈ తప్పు వెంటనే దొరుకుతుంది. ఎ, ఒ ల తప్పు మాత్రం లెక్కకు దొరకదు.

అరసున్న సంగతి తమాషాగా ఉంటుంది. "పదంబుఁ"లో దాన్ని మనం పలకం. ఒడియా చంద్రబిందువును మాత్రం ముక్కుతో పలికి తీరాలి. గుర్తును గుర్తుగా దించేస్తే పిల్లలు "బుఁ"ను ముక్కుతో పలుకుతారు. ఒడియా ప్రతిలో అరసున్నలన్నీ తీసేయండి, ఛందస్సుకు ఏ లోటూ రాదు. వ, బ ల తేడాతోనూ గణాలకు దెబ్బ లేదు గానీ, వ కోసం ఉన్న వేరే అక్షరం వాడకపోతే కైవల్యం కైబల్యం అవుతుంది. ఒడియాలో అదే సరైన మాట కాబట్టి తప్పని పిల్లలకు అనిపించదు.

పాదం చివర ఆగడం ఇంకో అలవాటు. ఇది భాగబత టుంగిలో, అంటే ఊళ్లో భాగవతం చదివే చావడిలో, పారాయణం విన్న చెవి. 16వ శతాబ్దపు జగన్నాథ దాసు ఒడియా భాగవతం నవాక్షరిలో ఉంది: వరుసకు తొమ్మిది అక్షరాలు, రెండు వరుసలకు ఒక అంత్యప్రాస, మామూలుగా అక్కడికి మాటా ఊపిరీ కలిసే ఆగుతాయి. పోతన దగ్గర అలా ఆగితే "లోకర" అని మాట సగంలో తెగుతుంది. అంతేకాదు, ఆ "ర" గురువయ్యేది తర్వాతి పాదం మొదట్లో ఉన్న "క్షై" వల్లే, ఆగారంటే లఘువైపోతుంది. పాదం చివర చిన్న బాణం గీసి "లోకరక్షైకారంభకు" దాకా ఒకే ఊపిరిలో చదివించాలి. అందుకే శార్దూలంతో మొదలుపెట్టకపోవడం మేలు. పొట్టి పాదాల కందాలు ముందు, ఏడో స్కంధంలోవో ఎనిమిదిలోవో.

పెద్దవాళ్లు జగన్నాథ దాసును తెలుగు లిపిలో రాసుకుంటే తప్పులు ఇటువైపు పడతాయి. "నమఇఁ నృసింహ చరణ / అనాది పరమ కారణ" అన్నది ఆరంభం. న-మ-ఇఁ మూడక్షరాలు. తెలుగు నాలుక దాన్ని "నమై" అని కలిపేస్తుంది, తొమ్మిది ఎనిమిదవుతుంది. ఇక్కడి చంద్రబిందువు తీసేయకూడదు. రెండో అక్షరంలో ప్రాస వెతకకండి, అది చివర "రణ"లో ఉంది. గురులఘువుల లెక్క లేదు, "కా" అయినా "ప" అయినా ఒక్కటే అక్షరం. "చరణ"ను "చొరొణొ" అని రాసుకునేవాళ్లున్నారు. అలా రాస్తే మన నోట నిండు ఒకారం పడుతుంది, సంస్కృతపు మాట కూడా కనుమరుగవుతుంది. "చరణ" అనే రాసి, పెదవులు కాస్త గుండ్రంగా చేసి చదివితే చాలు.