బొత్తాము ఊడిన ఆదివారం

లిస్బన్‌లో రోసియు స్టేషన్ నుంచి సింత్రా రైలు కదిలిందో లేదో, మా పెద్దదాని కోటు బొత్తాము ఊడి సీటు కిందకి దొర్లిపోయింది. "అమ్మా, బుతావ్ పడిపోయింది!" అని అరిచింది. "బుతావ్ కాదే, బొత్తాము" అన్నాను, వంగి తడుముకుంటూ. తొమ్మిదేళ్ల పిల్ల నావంక జాలిగా చూసి, "నీకే పలకడం రావట్లేదు. అది పోర్చుగీసు మాట" అంది.

నిజం చెప్పొద్దూ, ఒళ్లు మండింది. లిస్బన్ అనే ఊరొకటి ఉందని కూడా తెలియకుండా మా అమ్మమ్మ గుంటూరులో జీవితమంతా చొక్కాలకి బొత్తాలు కుట్టింది. ఆవిడ మాట వీళ్లదెలా అవుతుంది? సింత్రాకి నలభై నిమిషాల ప్రయాణం, చేతిలో ఫోనుంది. వెతికాను. పిల్ల చెప్పిందే రైటు. వాళ్ల ఓడల్లో మనకి దిగుమతైన మాటట. ఓడిపోయినట్టు ఒప్పుకోక తప్పలేదు. మా ఆయన కిటికీలోంచి ఏదో చూస్తున్నట్టు నటిస్తూ నవ్వుకున్నాడు.

సింత్రా గురించి ఒక్క ముక్క. "పోర్చుగల్ అంటే ఎండే కదా" అని స్వెట్టర్లు లేకుండా బయల్దేరకండి. లిస్బన్‌లో మాడు పగులుతుంటే ఆ కొండ మీద మంచు పొగలా కమ్ముకుని ఉంటుంది. పెనా ప్యాలెస్ పాడుబడిన మఠం చోట పందొమ్మిదో శతాబ్దంలో ఫెర్నాండో రాజు కట్టించుకున్నది. ఒక పక్క పసుపు, ఒక పక్క ఎరుపు. మా చిన్నాడికి అది పుట్టినరోజు కేకులా కనిపించింది, ఎక్కడ కోస్తారని అడిగాడు. కింద తోటలో చెట్టు కింద కూర్చుని పులిహోర డబ్బా తీశాం. పెద్దది చుట్టూ చూసి, "అమ్మా, నెమ్మదిగా మాట్లాడు" అంది. మూత తీసిన వాసనకి ఏమీ అనలేదు గానీ, నా గొంతుకి మాత్రం సిగ్గుపడింది. ఇది కొత్త. మొన్న మొన్నటిదాకా చంకనెక్కి తిరిగిన పిల్ల.

ఆ బొత్తాముతో మాకో ఆట మొదలైంది. ఎక్కడికెళ్లినా మన మాటలు పట్టుకోవడం. కష్కాయిష్ బీచ్‌లో నీళ్లు ఐసుగడ్డలా ఉంటే (అట్లాంటిక్ మరి, పైన ఎండ చూసి మోసపోతాం) పిల్లలు వణుక్కుంటూ "తువాల్యా" అని పరిగెత్తుకొచ్చారు. తువ్వాలు! అనాసపండు "అననాష్". బట్టల అలమరా "అర్మార్యు". ఎవొరాలో పాత గోడ బాగుచేస్తున్న పెద్దాయన్ని ఒక కుర్రాడు "మెష్త్ర్" అని పిలిస్తే నలుగురం ఒకేసారి తిరిగి చూశాం, మా వీధి మేస్త్రీనే పిలిచినట్టు. ఆ ఊళ్లోనే గోడల నిండా మనుషుల పుర్రెలూ ఎముకలూ పేర్చిన చాపెల్ ఉంది. చిన్నాణ్ణి దాని గుమ్మం తొక్కనివ్వలేదు. పెద్దది చూసొచ్చింది, ఆ రాత్రి నా పక్కలోనే పడుకుంది.

వీడియో కాల్‌లో ఇదంతా చెబితే మా అమ్మ, "అయితే నేను ఇన్నాళ్లూ పోర్చుగీసే మాట్లాడుతున్నానన్నమాట" అని మురిసిపోయింది. మిరపకాయ కూడా అసలు అమెరికాలది, మన తీరాలకి తెచ్చింది ఈ పోర్చుగీసు వాళ్లేనమ్మా అంటే మాత్రం నమ్మలేదు. గుంటూరు మనిషితో అనాల్సిన మాట కాదు.

తర్వాత బెలెం వెళ్లాం. అక్కడ ఆట ఆగింది.

పెద్దదానికి స్కూల్లో సముద్రయానాల పాఠం నడుస్తోంది. ఓడ బొమ్మ వేసుకురమ్మన్నారు. సరే, అసలు చోటే చూపిద్దామని జెరోనిముష్ మఠానికి తీసుకెళ్లాం. 1501లో మొదలుపెట్టి, మిరియాల వ్యాపారం మీద వచ్చిన పన్ను డబ్బుతో కట్టింది. తెల్లటి రాయి మీద తాళ్లూ, ఆకులూ, ముడులూ చెక్కిన పని చూస్తే కళ్లు తిప్పుకోలేం. చర్చిలో అడుగుపెట్టగానే ఎడమ పక్కన వాస్కోడగామా సమాధి. రాతి మనిషి వెల్లకిలా పడుకుని చేతులు జోడించి ఉంటాడు. మా పెద్దది నా చెవిలో, "అమ్మా, ఈయనే ఇండియా కనిపెట్టాడు" అంది.

"కనిపెట్టడానికి మనమేమన్నా తప్పిపోయామా?" నోరు జారింది.

అది ఒక్క క్షణం ఆలోచించి, "కాదులే. ఇండియాకి సముద్రం దారి కనిపెట్టాడు. టీచరు అలాగే చెప్పింది, నేనే తప్పు చెప్పా" అంది. అంటే ఆవేశపడింది నేనే, టీచరు సరిగ్గానే చెప్పింది.

బయటికొచ్చి నది ఒడ్డున, నావికుల స్మారకం ముందు నేల మీద పరిచిన పెద్ద ప్రపంచ పటం దగ్గర కూర్చున్నాం, చేతుల్లో దాల్చినచెక్క పొడి చల్లిన కస్టర్డ్ టార్టులు. చిన్నాడు ఆఫ్రికా మీద గెంతుతున్నాడు. మిగతాది కూడా చెబుదామా అన్నట్టు మా ఆయన వైపు చూశాను. "ఇప్పుడెందుకు, చిన్నపిల్ల" అన్నాడు. ఇంట్లో మాకు ఎప్పుడూ తెగని గొడవ ఇది. పిల్లలకి ఈ దేశం సొంతం కావాలంటాడు ఆయన. సొంతమైతేనే కదా మంచీ చెడూ రెండూ తెలియాలి అంటాను నేను.

చెప్పాను. 1498లో కాలికట్ చేరాడు. 1502లో రెండోసారి వచ్చినప్పుడు, మక్కా నుంచి తిరిగొస్తున్న యాత్రికుల ఓడని పట్టుకుని, వందలమంది లోపల ఉండగానే తగలబెట్టించాడు. ఆ ఓడ పేరు మీరి. మూడోసారి వచ్చి 1524లో కొచ్చిలో చనిపోయాడు. ముందు అక్కడే పాతిపెట్టారు, 1539లో ఎముకలు పోర్చుగల్‌కి తెచ్చారు.

"ఆ ఓడలో పిల్లలున్నారా?"

"ఉన్నారు."

"తమ్ముడంత?"

నేను జవాబు చెప్పలేదు. పటం మీద గెంతుతున్నవాడి వైపు చూస్తూ సగం టార్టు అట్టపెట్టెలో పెట్టేసింది. చాలాసేపటికి, "మిరపకాయలు తెచ్చిన ఓడా, వాళ్లని కాల్చిన ఓడా ఒకటేనా అమ్మా?" అంది.

"ఓడలు వేరు, జెండా ఒకటే" అన్నాడు మా ఆయన. ఆయన కలగజేసుకుంటాడనుకోలేదు.

ఆ రాత్రి అది బొమ్మ వేసింది. తెరచాప మీద ఎర్ర సిలువతో పెద్ద ఓడ. కాగితం మూలన ఇంకో చిన్న ఓడ, దానికి రంగు వేయలేదు. నేనేమీ అడగలేదు. మర్నాడు సాయంత్రం స్కూలు నుంచి వస్తుంటే మాత్రం ఉండబట్టలేక, "టీచరు ఏమందే?" అన్నాను.

"చిన్న ఓడ ఏంటని అడిగింది. చెప్పా. కాసేపు చూసి, దాని పేరు కింద రాయమంది." బ్యాగు భుజం మార్చుకుంది. "రేపు రాస్తానన్నా. ఎలా రాయాలమ్మా?"