కార్డు ఒప్పుకోదు

పోలండ్‌లో ట్రైలర్ తోలుతున్నానంటే మా జగిత్యాలలో ముందు జీతం అడుగుతారు, తర్వాత చలి ఎట్లుంటదని అడుగుతారు. టాకోగ్రాఫ్ గురించి ఎవరూ అడగరు. నిజానికి ఇక్కడ నా పని, తిండి, నిద్ర అన్నీ నడిచేది దాని లెక్క మీదే.

బండి ఎంతసేపు నడిచిందో, ఎంతసేపు ఆగిందో రాసుకునే పెట్టె అది, క్యాబిన్‌లో కారు స్టీరియో అంత ఉంటుంది. మన గంటలు ఎక్కే డ్రైవర్ కార్డు అందులో పెట్టకుండా బండి కదపకూడదు. చక్రం తిరగగానే తెర మీద స్టీరింగ్ బొమ్మ దానంతటదే వస్తుంది. లోడింగ్ దగ్గర ఉంటే సుత్తుల బొమ్మ, పడుకునేటప్పుడు మంచం బొమ్మ మనం నొక్కాలి. నాలుగున్నర గంటలు తోలాక 45 నిమిషాలు ఆపాల్సిందే. కావాలంటే ముందు 15, తర్వాత 30గా విడగొట్టుకోవచ్చు. రోజుకు 9 గంటలు, వారంలో రెండుసార్లు మాత్రం 10. రెండు వారాలు కలిపి 90 దాటకూడదు.

అంతకుముందు గల్ఫ్‌లో తోలాను. అక్కడ కెమెరా నా స్పీడును పట్టేది గానీ, నేను ఎన్ని గంటల నుంచి నిద్ర లేకుండా ఉన్నానో ఎవరికీ పట్టేది కాదు. తెల్లారేసరికి పోర్టులో ఉండాలని ఫోర్‌మన్ అన్నాడంటే ఉండాలి. నిద్రొస్తోందంటే పని ఎగ్గొడుతున్నానని అనేవాడు. ఇక్కడ బండ్లను పంపే డిస్పాచర్ ఏమీ దేవుడు కాదు, ఇతనూ "ఇంకో ఇరవై నిమిషాలే కదా" అంటాడు. "కార్డు ఒప్పుకోదు సార్" అంటాను. జరిమానా కంపెనీకీ పడుతుంది కాబట్టి ఆ మాటతో ఫోన్ పెట్టేస్తాడు.

ఒక్క దేశం ఇలాంటి రూల్ పెట్టుకుంటే నిలవదు. మా డ్రైవర్లు పడుకుంటే, పడుకోని పక్క దేశం బండికి లోడు పోతుంది. అందుకే 1970లో జెనీవాలో ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘం కింద దేశాలు దాటే బండ్ల డ్రైవర్ల పని గంటల మీద ఏఈటీఆర్ అనే ఒప్పందం కుదిరింది. ఐరోపా సమాఖ్య (ఈయూ) లోపల 561/2006 రూల్ నడుస్తుంది. బయట టర్కీ, కజకిస్థాన్ దాకా పోయే బండ్లకు ఏఈటీఆర్. తోలే గంటల లెక్క రెండింట్లోనూ అదే. పార్కింగ్‌లో నా పక్కన టీ కాచుకునే టర్కీ డ్రైవర్ కార్డు వేరే దేశం ఇచ్చినదే, కానీ జర్మనీలో ఆపిన ఇన్‌స్పెక్టర్ ఇద్దరివీ ఒకేలా చదువుతాడు. యూరో కంట్రోల్ రూట్ పేరుతో చాలా దేశాల తనిఖీ వాళ్లు కలిసి, ఒకే వారంలో అన్నిచోట్లా బండ్లు ఆపుతారు కూడా.

దొంగదారులు లేవని కాదు. సెన్సర్ దగ్గర అయస్కాంతం పెట్టి, బండి పోతుంటే మంచం బొమ్మ చూపించేవాళ్లున్నారు. వారాంతపు 45 గంటల విశ్రాంతి క్యాబిన్‌లో తీసుకోకూడదు, గది ఖర్చు కంపెనీదే అని ఈయూ చట్టం. నేను మొదట చేరిన కంపెనీ గది మాటే ఎత్తలేదు. శని, ఆదివారాలు పార్కింగ్‌లోనే, చిన్న గ్యాస్ స్టవ్ మీద పప్పుచారు. రోడ్డు మీది భద్రత డ్రైవర్ పడుకునే చోటే మొదలవుతుందని చట్టం రాసినవాళ్లకు తెలుసు, పాటించాల్సినవాళ్లకే భారం.

ప్రపంచంలో ఏటా దాదాపు 11.9 లక్షల మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోతున్నారని డబ్ల్యూహెచ్ఓ లెక్క. 2030కల్లా సగానికి తగ్గించాలని ఐక్యరాజ్యసమితి 2021 నుంచి 2030 దాకా దశాబ్ద కార్యక్రమం పెట్టుకుంది. మన దగ్గరా చట్టం లేక కాదు. 2025 దాకా ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలే అనేది, 5 గంటలకోసారి అరగంట విశ్రాంతి అనేది. నాగ్‌పూర్ రోడ్డు మీద లారీ తోలే మా బావకు ఆ సంగతి చెబితే "ఓనర్‌కు నువ్వే చెప్పు బావా" అని నవ్వాడు. ఆయన బండిలో గంటలు రాసే పెట్టె లేదు, చూపించడానికి కార్డూ లేదు.

ఇటు రావాలనుకునే తమ్ముళ్లు ఏజెంటుకు డబ్బు కట్టే ముందే కోడ్ 95 (ఈయూలో లారీ డ్రైవర్‌కు ఉండాల్సిన అర్హత) శిక్షణ ఖర్చు ఎవరిదో, వారాంతపు గది ఎవరు ఇస్తారో కాగితం మీద రాయించుకోండి. కార్డు మీ పేరున వచ్చాక ఇంకొకరి చేతికి ఇవ్వకండి, ఓనర్ అడిగినా సరే.