ఆ పరుగు కూడా భయమే

ఈరోజు ల్యాబ్‌లో పాత వీడియోలు మళ్లీ చూశాను. శబ్దం వినగానే మగ ఎలుక బిగుసుకుపోయింది, ఊపిరికి పక్కటెముకలు ఆడటం తప్ప ఏ కదలికా లేదు. ఆడ ఎలుక మాత్రం పెట్టె ఈ మూల నుంచి ఆ మూలకు దూసుకెళ్లింది. దాని పేరు పక్కన ఇన్నాళ్లూ 'భయం తక్కువ' అని రాసుకున్నాను! ఇలాంటి పరుగు కూడా భయానికి స్పందనేనని, ఎక్కువగా ఆడ ఎలుకల్లోనే కనిపిస్తుందని 2015లోనే ఒక పరిశోధన చూపించింది.

అసలు టెన్షన్ వచ్చినప్పుడు కార్టికోస్టిరోన్ అనే హార్మోన్ సాధారణంగా ఆడ ఎలుకల్లోనే ఎక్కువ పెరుగుతుంది (మనలో కార్టిసాల్ చేసే పని వాటిలో దానిదే). నాలుగైదు రోజుల ఈస్ట్రస్ చక్రాన్ని (ఆడ ఎలుకల పునరుత్పత్తి చక్రం) బట్టి కూడా మారుతుంది. ఆ చక్రంతో తలనొప్పి ఎందుకని ఏళ్ల తరబడి మగ ఎలుకలతోనే ప్రయోగాలు నడిపారు. చాలా బాధేసింది. రేపు ఆ వీడియోలన్నీ మొదటి నుంచి మళ్లీ లెక్కపెడతాను.