సరుగుడు కోత

తెల్లారేసరికే గొడ్డళ్ల చప్పుడు. కావలికి తూర్పున సముద్రం వైపు మాకున్న ఇసుక నేలలో ఈ ఏడు దక్షిణం ముక్క వంతు. నాన్న రోజుల్లో సరుగుడంతా ఒకేసారి కొట్టించి లారీలకెత్తేవాళ్లు. ఆ తర్వాత వేసవి గాలికి ఇసుక లేచి మామిడి చెట్ల మీద పడేది. అందుకే తోటను ఐదు ముక్కలు చేసి ఏటికొకటి కొట్టిస్తున్నాను. నాలుగైదేళ్లకు సరుగుడు గుంజకొస్తుంది కాబట్టి ఐదో ముక్క కోతకొచ్చేసరికి మొదటిది మళ్లీ నిలబడి ఉంటుంది. జామాయిల్, సుబాబుల్ నరికితే మోడు మళ్లీ చిగురేస్తుంది. సరుగుడు అట్లా లేవదు, నారు నాటాల్సిందే. స్వాతి కార్తె వానలకు నాటేట్టు నర్సరీలో చెప్పి ఉంచాను. సముద్రపు గట్టున ఉన్న వరుసల జోలికి మాత్రం ఎవరినీ పోనివ్వను.

గొడ్ల సావిడి పని కోసం ఆచారి మధ్యాహ్నం వచ్చాడు. ఇనుప పైపులు పెట్టి రేకులేస్తే పీడా పోతుందని హైదరాబాదు నుంచి తమ్ముడు ఫోన్‌లో ఒకటే పోరు. ఈ ఉప్పుగాలికి ఇనుము ఎట్లా పొరలు పొరలుగా రాలుతుందో వాడు మరిచిపోయాడు. ఆచారి కర్రలన్నీ తట్టి చూసి, "తాడికి చేవ బయటుంటది, వేపకు లోపలుంటది అబ్బాయా, దేన్ని ఎక్కడ చెక్కాలో దానికో లెక్కుంది" అన్నాడు. స్తంభాలకు పాత తాటి చెట్లే, అవీ మొవ్వ ఎండిపోయినవి. పచ్చని తాడిని కొట్టనివ్వను, దానికి చేవ తేలేసరికి ఒక తరం గడిచిపోతుంది. తలుపులకు వేప పలకలున్నాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకు కూలిన చెట్టును కోయించి, పలకల మధ్య పుల్లలు పెట్టి నీడలో పేర్పించాను. ఇప్పుడవి బాగా ఆరాయి, వంకరపోలేదు.

వాసాలకు ఇవాళ కొట్టిన సరుగుడే. తోలు చెక్కి కొన్నాళ్లు కుంటలో నానేయాలి. కర్రలోని పిండి పదార్థం నీళ్లలోకి దిగితే పురుగు అంతగా పట్టదు. సన్న కర్రలు దొండ పందిరికి, మామిడి కొమ్మల ఊతానికి. పందిరి గుంజలకు నేలలోకి దిగే భాగానికి తారు పూయకపోతే చెదలు వదలవు. కొనలు, ఎండిన ఆకు కూలీల పొయ్యిల్లోకి.

ఎర్రచందనం వేయమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది. మన వెలిగొండ కొండల చెట్టే, గొప్ప చెట్టే. కానీ దాని ఎర్ర చేవకు దశాబ్దాలు పడుతుంది, ఈ సావిడికి ఈ వానాకాలంలోపే కర్ర కావాలి. గట్ల మీద వేప, తుమ్మ, తాటి టెంకలు వేస్తున్నాను.

సాయంత్రం కర్ర కొనే ఆయన వచ్చాడు. మా అవసరాలు తీరాక మిగిలిందే అమ్ముతానన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. రేపు కుంటలో కర్రలు వేయించి, పైకి తేలకుండా వాటిమీద రాళ్లు పెట్టించాలి.