మధ్యాహ్న భోజనం బిల్లు పెట్టడం: నా అనుభవం

ఆగిన బిల్లు నిన్న ఖాతాలో పడింది. కిరాణా కొట్టు అప్పు తీరింది గానీ కోపం ఇంకా తీరలేదు. మాది తెలంగాణలో జిల్లా పరిషత్ హైస్కూల్లో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండిపెట్టే ఏజెన్సీ. వంట ఏజెన్సీల వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నా.

వంట మనకు చెయ్యితిరిగిన పనే. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు తలకు 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, 7.5 గ్రాముల నూనె. బియ్యం సర్కారుది. మిగతాది అప్పు తెచ్చి వండాలి.

బిల్లు ఒక్కటే అనుకోకండి. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు కేంద్రం 60, రాష్ట్రం 40 వంతు. తొమ్మిది, పది పూర్తిగా రాష్ట్రం డబ్బు. గుడ్ల లెక్క వేరు. ఒకటి వస్తే ఇంకోటి రాదు, కొట్టాయనకు ఇదంతా చెప్పినా ఎక్కదు.

మా బిల్లు మండల ఆఫీసులో ఆగింది గుడ్ల దగ్గర. "భోజనాలు ఎక్కువ, గుడ్లు తక్కువ, ఎట్లా?" అని అక్కడి గుమాస్తా నలుగురి ముందు దొంగలెక్క అన్నట్టు అడిగిండు. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్న పిల్లలు గుడ్డు ముట్టరు. ఇది ఊర్లో చిన్నపిల్లలకూ తెలుసు, కుర్చీలో కూర్చున్నాయనకే తెల్వదు! తక్కువ గుడ్లకే బిల్లు పెట్టినోళ్లను నిలదీసుడేంది?

హాజరుకూ భోజనాలకూ తేడా కూడా మామూలే. పొద్దున పేరు పిలిచాక వచ్చేటోళ్లుంటరు, డబ్బా తెచ్చుకునేటోళ్లుంటరు, మధ్యాహ్నం ఇంటికి పోయేటోళ్లుంటరు. బిల్లు తిన్నవాళ్లకే. అందుకే గిన్నెలు కడగకముందే ఒక నోటుబుక్కులో హాజరు, తిన్నవారు, గుడ్లు మూడు గడులు రాయండి. తేడా ఉంటే పక్కన కారణం: "మాల, 6గురు". హెడ్మాస్టరు సంతకం ఆ రోజే తీసుకోండి. "నెలాఖరున చూద్దాం" అనే సారును అసలు నమ్మొద్దు. భోజనాల లెక్క పంపే సర్కారు యాప్‌లో ఎక్కించే అంకె కూడా ఈ బుక్కులోదే కావాలి. బుక్కు, యాప్, బిల్లు మూడుచోట్ల మూడు అంకెలుంటే ఫైలు వాపసే.

వంటవాళ్ల గౌరవ వేతనం ఇంకో కత. 25 మంది పిల్లల దాకా ఒక్కరు, 100 దాకా ఇద్దరు, ఆపైన ప్రతి వందకు ఒకరు. కేంద్రం లెక్కలో నెలకు 1000 రూపాయలు, అదీ ఏడాదికి 10 నెలలకే. 2009లో ఖరారు చేసిన వెయ్యి అది. రాష్ట్రం కలిపేది దానిమీద.

బిల్లు ఇచ్చేటప్పుడు జిరాక్సు మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర లేకుంటే "మాకు ఇయ్యలేదు" అంటరు.